సీరియల్ కన్సోల్ ఒక్కటే దిక్కయినప్పుడు బైనరీ ఫైలు చెడకుండా పంపడం ఎలా?

ప్రశ్న సారాంశం ఇది. ఒక పాత రౌటర్ బోర్డులో లినక్స్, బిజీబాక్స్ (లినక్స్ కమాండ్లు చాలావరకు ఒకే చిన్న ప్రోగ్రాములో ఉండే మూట) నడుస్తున్నాయి. నెట్‌వర్క్ పోర్టు పోయింది, యూఎస్‌బీ లేదు. మిగిలింది మూడు పిన్నుల సీరియల్ కన్సోల్ (వైరు మీదుగా కమాండ్లు కొట్టే టెర్మినల్), వేగం సెకనుకు 115200 బిట్లు. పీసీలో తయారైన 6,14,467 బైట్ల ప్రోగ్రామును అందులోకి ఎక్కించాలి. బోర్డు వైపు క్యాట్ (వచ్చింది వచ్చినట్టు ఫైలులోకి రాసే కమాండ్) పెట్టి, పీసీ నుంచి ఫైలును నేరుగా పోర్టులోకి తోస్తే ఒక్కోసారి మధ్యలో తెగిపోతోంది, ఒక్కోసారి సైజు మారి చేరుతోంది. తప్పు వైరులో ఉందా, మరోచోట ఉందా?

దాదాపు ఖాయంగా వైరులో లేదు. కన్సోల్‌ను మనిషి టైపు చేయడం కోసం తయారుచేశారు, ఫైళ్ల కోసం కాదు. వైరు మీద వచ్చిన ప్రతి బైటునూ కెర్నెల్‌లోని టీటీవై (టెర్మినల్) పొర ముందు చూస్తుంది, అందులో కొన్నింటిని ఆజ్ఞలుగా తీసుకుంటుంది. హెక్స్ (16 ఆధారపు లెక్క) 03 వస్తే అది కంట్రోల్-సి, మీ క్యాట్ అక్కడికక్కడే చచ్చిపోతుంది. 04 వస్తే ఫైలు అయిపోయిందనుకునే అవకాశం ఉంది. 1ఏ వస్తే ప్రోగ్రాము నిద్రపోతుంది, 1సి వస్తే ఆగిపోతుంది. 7ఎఫ్ ముందు అక్షరాన్ని, 15 మొత్తం వరుసను చెరిపేస్తాయి. 13 వస్తే బోర్డు తన అవుట్‌పుట్ ఆపుకుని 11 కోసం ఎదురుచూస్తుంది, మనకు హ్యాంగ్ అయినట్టు కనిపిస్తుంది. 0డి మౌనంగా 0ఏగా మారిపోతుంది. ఇవి చాలవన్నట్టు ఒక వరుసకు 4096 అక్షరాల పరిమితి ఉంది. రెండు 0ఏల మధ్య అంతకన్నా ఎక్కువ బైట్లుంటే మిగతావి పారేస్తుంది. ఆరు లక్షల బైట్ల ప్రోగ్రాములో ఇవేవీ తగలకుండా ఉండవు.

మధ్యలో తెగిపోవడం కన్నా ఎక్కువ భయపడాల్సింది ఆ తర్వాత జరిగేదానికి. 03తో క్యాట్ చచ్చాక కూడా పీసీ ఫైలును తోస్తూనే ఉంటుంది. ఆ మిగతా బైట్లు రూట్ షెల్‌కు కమాండ్లుగా అందుతాయి. ప్రోగ్రాము లోపలి అక్షరాల ముక్కల్లో '>' గుర్తు, ఒక ఫైలు పేరు పక్కపక్కన పడితే చాలు, ఉన్న ఫైలు ఖాళీ అయిపోతుంది. అందుకే తెలియని కన్సోల్‌లోకి పచ్చి బైనరీని ఊరికే తోయకండి.

సైజు తేడాకు కారణం సాధారణంగా పీసీ వైపు ఉంటుంది. మీ పీసీలోని పోర్టుకు కూడా ఒక టీటీవై ఉంది. దాన్ని రా మోడ్‌లో (బైట్లను ఏమీ మార్చకుండా పంపే స్థితిలో) పెట్టకపోతే, బయటికి వెళ్లే ప్రతి 0ఏ ముందు ఒక 0డి చేరుస్తుంది. ఇదేనా కాదా అని తేల్చుకోవడం సులువు. పీసీలో ఆ ఫైలు మీద డబ్ల్యూసీ -ఎల్ నడపండి, అది ఫైలులోని 0ఏల లెక్క చెబుతుంది. బోర్డులో పెరిగిన బైట్ల సంఖ్య సరిగ్గా అంతే ఉంటే దోషి దొరికినట్టే. సైజు తగ్గితే ఎక్కడో బైట్లు జారిపోయాయి. సైజు సమానంగా ఉండి ఎండీ5 (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) కలవకపోతే 0డి, 0ఏ మార్పిడి గానీ, పై బిట్ ఊడిపోవడం గానీ అయి ఉంటుంది. రెండోది పోర్టు 7 బిట్లు, ఈవెన్ ప్యారిటీలో ఉన్నప్పుడు జరుగుతుంది.

ముందు వైరు సంగతి

బోర్డు మీద ఉండేవి ఎక్కువగా 3.3 వోల్టుల టీటీఎల్ పిన్నులు. పాత పీసీ వెనుక ఉండే తొమ్మిది పిన్నుల ఆర్‌ఎస్-232 పోర్టులో ప్లస్, మైనస్ 3 నుంచి 15 వోల్టుల దాకా ఉంటాయి. రెంటినీ నేరుగా కలిపితే బోర్డు కాలిపోతుంది. మధ్యలో మ్యాక్స్3232 లాంటి చిప్ ఉండాలి, లేదా సీపీ2102, సీహెచ్340, ఎఫ్‌టీ232 చిప్‌లున్న యూఎస్‌బీ అడాప్టర్ వాడాలి. కోఠి గుజరాతీ గల్లీలోనైనా ఆన్‌లైన్‌లోనైనా కొనేటప్పుడు 3.3, 5 వోల్టులు మార్చే జంపర్ ఉందో లేదో చూసి, తగిలించే ముందు టీఎక్స్ పిన్ మీద మీటరు పెట్టి వోల్టేజీ కొలవండి. ఒకవైపు టీఎక్స్ రెండోవైపు ఆర్‌ఎక్స్‌కు వెళ్లాలి, గ్రౌండ్ గ్రౌండ్‌కు కలవాలి. బోర్డుకు వేరే పవర్ ఉంది కాబట్టి అడాప్టర్‌లోని వీసీసీ పిన్ వదిలేయండి.

మూడు వైర్లంటే హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ (కాసేపు ఆగమని వేరే వైర్ల మీద చెప్పే ఏర్పాటు) లేనట్టే. పీసీలో వాడే టెర్మినల్ ప్రోగ్రాము మినీకామ్‌లో అది ముందే ఆన్ అయి ఉంటే అక్షరాలు కనిపిస్తాయి గానీ మీరు టైపు చేసింది బోర్డుకు చేరదు. సెట్టింగుల్లోకి వెళ్లి ఆపేయండి.

బైట్లు నిజంగా వైరు దగ్గరే పోతున్నాయా అన్నది బోర్డే చెబుతుంది. సీరియల్ డ్రైవర్ 8250 రకమైతే /ప్రాక్/టీటీవై/డ్రైవర్/సీరియల్ అనే ఫైలు చదవండి. అందులో 'ఎఫ్‌ఈ' పెరుగుతుంటే ఫ్రేమింగ్ తప్పు, అంటే వేగం కలవలేదు లేదా గ్రౌండ్ వదులుగా ఉంది. 'ఓఈ' పెరుగుతుంటే ఓవర్‌రన్, అంటే బైట్లు సరిగ్గానే వచ్చాయి గానీ ప్రాసెసర్ సమయానికి తీసుకోలేదు. 115200 వేగంలో ఒక బైటుకు పది బిట్లు, సెకనుకు 11,520 బైట్లు, బైటుకు 87 మైక్రోసెకన్లు. 16550ఏ రకం చిప్‌లోని ఫిఫో (వచ్చిన బైట్లు ఆగే చిన్న నిల్వ) 16 బైట్లే, కాబట్టి అది 1.4 మిల్లీసెకన్లలో నిండిపోతుంది. ఆ సమయంలో కెర్నెల్ ఫ్లాష్ మీద రాస్తూ ఇంటరప్టులు ఆపి ఉంటే తర్వాతి బైట్లు పోయినట్టే. అందుకే వచ్చే ఫైలును ఎప్పుడూ ర్యామ్‌లో ఉండే /టీఎంపీలోకే దించాలి, ఫ్లాష్‌లోకి తర్వాత కాపీ చేసుకోవాలి.

మొదలుపెట్టే ముందు మూడు పనులు

ఒకటి, కెర్నెల్ మాటలు ఆపండి. కన్సోల్ మీద ప్రింట్‌కే (కెర్నెల్ తనంతట రాసే) సందేశం ఒక్కటి పడినా, ఫైలును ముక్కలుగా పంపే ఎక్స్‌మోడెమ్ ప్రోటోకాల్ జవాబుల మధ్యలో దూరి గందరగోళం చేస్తుంది. 'డీమెసేజ్ -ఎన్ 1' సరిపోతుంది. వెనుక నడుస్తూ తెర మీద రాసే ప్రోగ్రాములుంటే వాటినీ ఆపాలి. అదే పోర్టు మీద రెండో షెల్ గానీ గెట్టీ (లాగిన్ అడిగే ప్రోగ్రాము) గానీ వింటుంటే అది సగం బైట్లు లాగేసుకుంటుంది, పీఎస్‌లో చూసుకోండి.

రెండు, ఫైలును చిన్నది చేయండి. స్ట్రిప్‌తో సింబల్స్ తీసేసి, జీజిప్ -9తో నొక్కండి. మెషిన్ కోడ్ సాధారణంగా సగానికి దగ్గరగా తగ్గుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. జీజిప్ ఫైలు చివరి ఎనిమిది బైట్లలో సీఆర్‌సీ-32 (తప్పులు పట్టే లెక్క), అసలు సైజు ఉంటాయి కాబట్టి విప్పేటప్పుడే తప్పు బయటపడుతుంది.

మూడు, బోర్డులో ఏ పనిముట్లున్నాయో చూడండి. ఊరికే 'బిజీబాక్స్' అని కొడితే పేర్ల జాబితా వస్తుంది. అందులో ఆర్‌ఎక్స్, బేస్64, యూయూడీకోడ్, ఎండీ5సమ్, డీడీ, ఎస్‌టీటీవై, ప్రింట్‌ఎఫ్ కోసం వెతకండి. ఏ దారిలో వెళ్లాలో ఆ జాబితానే నిర్ణయిస్తుంది. చాలామంది దాన్ని చూడకుండానే కుస్తీ మొదలుపెడతారు.

ఆర్‌ఎక్స్ ఉంటే పని సగం అయినట్టే

ఆర్‌ఎక్స్ అంటే ఎక్స్‌మోడెమ్ స్వీకర్త. ఎక్స్‌మోడెమ్‌ను వార్డ్ క్రిస్టెన్సెన్ 1977లో రాశారు. ఇంత చిన్న ప్రోటోకాల్ కాబట్టే ఇప్పటికీ బూట్‌లోడర్లలో బతికి ఉంది. ఫైలును 128 బైట్ల ముక్కలు చేస్తుంది. ప్రతి ముక్క ముందు 01, ముక్క సంఖ్య, 255లోంచి ఆ సంఖ్య తీసివేయగా మిగిలింది, చివర చెక్‌సమ్ ఉంటాయి. స్వీకర్త 06 పంపితే తర్వాతి ముక్క, 15 పంపితే అదే ముక్క మళ్లీ. పాత పద్ధతిలో చెక్‌సమ్ ఒక్క బైటే, అది మొత్తాల కూడిక మాత్రమే, కాబట్టి రెండు బైట్లు తారుమారైనా పట్టుకోలేదు. 16 బిట్ల సీఆర్‌సీ పద్ధతి చాలా నమ్మకమైనది. స్వీకర్త 'సి' అనే అక్షరం పంపి దాన్నే అడుగుతుంది. బోర్డులో ఆర్‌ఎక్స్ మొదలుపెట్టగానే తెర మీద 'సి' కనిపిస్తే అన్నీ సవ్యంగా ఉన్నట్టు.

బోర్డులో ముందు ఆర్‌ఎక్స్ /టీఎంపీ/ప్రోగ్.జీజడ్ అని కొట్టండి. తర్వాత పీసీలో మరో టెర్మినల్ ప్రోగ్రాము పికోకామ్‌ను '--సెండ్-సీఎండీ' ఐచ్ఛికానికి 'ఎస్‌ఎక్స్ -కె' ఇచ్చి తెరిచి ఉంటే కంట్రోల్-ఎ, కంట్రోల్-ఎస్ నొక్కి ఫైలు పేరు ఇవ్వండి. మినీకామ్‌లో కంట్రోల్-ఎ, ఎస్. రెండూ పీసీలోని ఎల్‌ఆర్‌జడ్‌ఎస్‌జడ్ ప్యాకేజీనే వాడతాయి, అది ఉందో లేదో చూసుకోండి. విండోస్‌లో టెరా టర్మ్ ఈ పని చేస్తుంది, మామూలు పుట్టీలో ఎక్స్‌మోడెమ్ లేదు.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది వేగం. ప్రతి ముక్క తర్వాత జవాబు కోసం ఆగాలి. ఎఫ్‌టీడీఐ చిప్‌లున్న అడాప్టర్లలో లేటెన్సీ టైమర్ మామూలుగా 16 మిల్లీసెకన్లు. ఒక్క బైటు జవాబు వచ్చినా ఆ టైమర్ అయ్యేదాకా పీసీకి అందకపోవచ్చు. 133 బైట్ల ముక్క వెళ్లడానికి 11.5 మిల్లీసెకన్లు, జవాబు కోసం ఇంకో 16. అంటే సగం కన్నా ఎక్కువ సమయం ఖాళీగా పోతుంది. మీ ఫైలు నొక్కకుండా పంపితే 4,801 ముక్కలు, రెండు నిమిషాలు దాటుతుంది. ఆగకుండా ప్రవహిస్తే 53 సెకన్లలో అయ్యే పని అది. '-కె' పెడితే 1024 బైట్ల ముక్కలు వెళ్తాయి, సమయం నిమిషం పైన కొంచెం. బిజీబాక్స్ ఆర్‌ఎక్స్ ఈ పెద్ద ముక్కల్ని కూడా తీసుకుంటుంది. ఇంకా కావాలంటే పీసీలో సిస్‌ఎఫ్‌ఎస్‌లో (/సిస్ కింద) ఆ పోర్టు కింద ఉండే లేటెన్సీ_టైమర్ ఫైలులో 1 రాయండి.

రెండో చిక్కు తోక. ఎక్స్‌మోడెమ్‌కు ఫైలు సైజు తెలియదు. చివరి ముక్కలో మిగిలిన చోటును 1ఏ బైట్లతో నింపుతుంది. 6,14,467 బైట్ల ఫైలు 6,14,528 అయి చేరుతుంది, చివర 61 బైట్లు అదనం. ప్రోగ్రాము ఫైలుకు దీనివల్ల సాధారణంగా నష్టం లేదు. చివర సంతకం గానీ చెక్‌సమ్ గానీ ఉండే ఫర్మ్‌వేర్‌కు మాత్రం నష్టమే, ఎండీ5 కూడా కలవదు. అసలు సైజుకు కత్తిరించాలి:

డీడీ ఐఎఫ్=వచ్చింది ఓఎఫ్=సరైంది బీఎస్=614467 కౌంట్=1

జీజిప్ చేసి పంపితే ఆ సంఖ్య స్థానంలో జీజిప్ ఫైలు సైజు వేయండి. వైమోడెమ్‌లో ఈ బాధ లేదు. అది సున్నా ముక్కలోనే పేరు, సైజు చెబుతుంది.

బోర్డులో ఆర్‌జడ్ కూడా ఉంటే జడ్‌మోడెమ్ వాడొచ్చు. చక్ ఫోర్స్‌బర్గ్ 1986లో చేసినది. జవాబు కోసం ఆగదు, తెగిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టగలదు. ఫ్లో కంట్రోల్ లేని మూడు వైర్ల లైను మీద ఈ ఆగకపోవడమే దాని బలహీనత. ఓవర్‌రన్‌లు వస్తుంటే ఎస్‌జడ్‌కు '-డబ్ల్యూ 2048' ఇచ్చి కిటికీ (జవాబు రాకుండా పంపే బైట్ల హద్దు) తగ్గించండి. మధ్యలో కంట్రోల్ బైట్లను మింగేసే పరికరం ఉంటే '-ఈ' కూడా ఇవ్వండి.

ఆర్‌ఎక్స్ లేదు, బేస్64 ఉంది

మీ పరిస్థితిలో నేను మొదట సలహా ఇచ్చేది దీన్నే. నెమ్మది, కానీ దారిలోని ఏ పొరా దీన్ని పాడుచేయలేదు. బేస్64లో ఉండేవి అక్షరాలు, అంకెలు, మూడు గుర్తులు, వరుస మార్పు మాత్రమే. మూడు బైట్లు నాలుగు అక్షరాలవుతాయి, 76 అక్షరాలకో వరుస. వరుస మార్పుతో కలిపి 35 శాతం పెరుగుదల. మీ ఫైలు అలాగే పంపితే 10,781 వరుసలు, 115200 వేగంలో 72 సెకన్లు. 9600 వేగంలోనైతే పద్నాలుగున్నర నిమిషాలు. బేస్64 లేకుండా యూయూడీకోడ్ ఉంటే అదీ దాదాపు ఇంతే. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఉంటే దాని లోపల కూడా బేస్64 విప్పే సదుపాయం ఉంది.

పీసీలో జీజిప్ -9, తర్వాత బేస్64, తర్వాత 'స్ప్లిట్ -ఎల్ 1000'తో వెయ్యి వరుసల భాగాలు చేయండి. ఒక్కో భాగం 57,000 బైట్ల అసలు సరుకు. ప్రతి భాగానికి ఎండీ5 తీసి పెట్టుకోండి. మొత్తం ఒకేసారి పంపి చివర్లో తప్పని తెలుసుకునే కన్నా, తప్పిన భాగం ఒక్కటే మళ్లీ పంపడం ఎంతో తేలిక.

బోర్డులో:

ఎస్‌టీటీవై -ఎకో ; క్యాట్ > /టీఎంపీ/భాగం.ఏఏ

ఎకో ఆపడం ముఖ్యం. లేకపోతే వచ్చిన ప్రతి అక్షరాన్నీ బోర్డు తిరిగి పంపుతూ కూర్చుంటుంది, ఆ పనిలో వచ్చేవాటిని వదిలేస్తుంది. పీసీ నుంచి మినీకామ్ ప్యాకేజీలోని ఆస్కీ-ఎక్స్‌ఎఫ్‌ఆర్‌తో పంపండి. ఐచ్ఛికాలు '-ఎస్‌డీఎన్‌ఈ -ఎల్ 20'. ఇందులో 'ఎన్' మర్చిపోవద్దు. అది లేకపోతే ప్రతి వరుస చివర 0డి, 0ఏ రెండూ వెళ్తాయి, బోర్డు 0డిని కూడా 0ఏ చేస్తుంది, వరుసల మధ్య ఖాళీ వరుసలు పడతాయి. బేస్64 వాటిని పట్టించుకోదు గానీ భాగాల ఎండీ5లు ఒక్కటీ కలవవు, లేని తప్పు కోసం వెతుకుతూ కూర్చుంటారు. 'డీ', 'ఈ' కలిసి చివర్లో కంట్రోల్-డిని వాటంతటవే పంపుతాయి. చేత్తో పంపేట్టయితే కొత్త వరుస మొదట్లో ఉన్నప్పుడే కంట్రోల్-డి నొక్కాలి, మధ్యలో నొక్కితే ఫైలు ముగియదు.

'-ఎల్ 20' వరుసకు 20 మిల్లీసెకన్ల విరామం. ముందు ఇది లేకుండా ప్రయత్నించి, భాగాల ఎండీ5 తప్పుతుంటేనే పెట్టండి. పదివేల పైచిలుకు వరుసలకు మూడున్నర నిమిషాలు అదనంగా పడుతుంది. వరుస లోపలే అక్షరాలు పోతుంటే ఈ విరామం సరిపోదు, ఎందుకంటే 77 అక్షరాల వరుసలో పదహారు బైట్ల ఫిఫో ఐదుసార్లు నిండుతుంది. అప్పుడు అక్షరానికి విరామం ఇచ్చే '-సి' వాడటం కన్నా రెండు వైపులా వేగాన్ని 38400కు దించడం మంచిది. ఎక్సాన్, ఎక్సాఫ్ (11తో సాగు, 13తో ఆగు అని చెప్పడం) సంగతి కూడా చాలామంది అడుగుతారు. బేస్64లో 11, 13 రావు కాబట్టి దాన్ని ధైర్యంగా ఆన్ చేయొచ్చు, కానీ అది కాపాడేది కెర్నెల్ బఫర్‌ను మాత్రమే. చిప్‌లోని ఫిఫో పొంగితే దానికి తెలియదు. 'ఓఈ' పెరుగుతున్నప్పుడు ఎక్సాఫ్ మీద ఆశ పెట్టుకోకండి.

అన్నీ చేరాక:

క్యాట్ /టీఎంపీ/భాగం.* | బేస్64 -డి | గన్‌జిప్ > /టీఎంపీ/ప్రోగ్

తర్వాత ఎండీ5సమ్, పీసీ వైపు దానితో పోల్చడం, ఆ తర్వాతే సీహెచ్‌మాడ్. టైపు చేసేది కనబడాలంటే ఎస్‌టీటీవై సేన్ కొట్టండి.

నేరుగా బైనరీయే పంపాలంటే

దారిలో టెల్నెట్ గానీ టెర్మినల్ సర్వర్ గానీ లేకుండా, ఎనిమిది బిట్లూ శుభ్రంగా వెళ్లే లైనైతే ఇదీ కుదురుతుంది. బోర్డులో అంతా ఒకే వరుసగా కొట్టాలి:

ఎస్‌టీటీవై రా -ఎకో మిన్ 0 టైమ్ 100 ; క్యాట్ > /టీఎంపీ/ప్రోగ్ ; ఎస్‌టీటీవై సేన్

రా మోడ్‌లో కంట్రోల్-సి పనిచేయదు, కంట్రోల్-డి ఫైలును ముగించదు. కాబట్టి ఆపే ఏర్పాటు ముందే ఉండాలి. ఇక్కడ 'టైమ్ 100' అంటే పదో వంతు సెకన్లలో 100, అంటే పది సెకన్లు. పది సెకన్లపాటు ఏ బైటూ రాకపోతే క్యాట్‌కు ఫైలు అయిపోయినట్టు కనిపించి ఆగిపోతుంది, తర్వాతి సేన్ టెర్మినల్‌ను మామూలు స్థితికి తెస్తుంది. మిన్, టైమ్ రెండూ రా తర్వాతే రాయాలి, ముందు రాస్తే రా వాటిని చెరిపేస్తుంది. మిన్, టైమ్ బదులు డీడీని 'బీఎస్=1 కౌంట్=614467' అని వాడేవాళ్లున్నారు. ఒక్క బైటు జారినా అది ఎప్పటికీ పూర్తికాదు, ఏవో అక్షరాలు కొట్టి లెక్క నింపి బయటపడాలి.

ఎంటర్ నొక్కిన వెంటనే పీసీలో పికోకామ్ నుంచి కంట్రోల్-ఎ, కంట్రోల్-క్యూతో బయటికి రండి. అది పోర్టు అమరికను మార్చకుండా వదులుతుంది. తర్వాత ఎస్‌టీటీవై -ఎఫ్ /డెవ్/టీటీవైయూఎస్‌బీ0 115200 రా -ఎకో -సీఆర్‌టీఎస్‌సీటీఎస్ అని ఇచ్చి ఫైలును ఆ పోర్టులోకి క్యాట్ చేయండి. ఇవన్నీ పది సెకన్లలో కావాలి కాబట్టి ముందే ఒక చిన్న స్క్రిప్టులో రాసి పెట్టుకోండి. టెర్మినల్ ప్రోగ్రాము ఎంటర్‌కు 0డి, 0ఏ రెండూ పంపేలా ఉంటే ఆ 0ఏ ఫైలు మొదటి బైటుగా చేరిపోయే ప్రమాదం ఉంది. సైజు సరిగ్గా ఒకటి ఎక్కువ వస్తే కారణం ఇదే. టెరా టర్మ్‌తో పంపేట్టయితే ఫైలు పంపే కిటికీలో బైనరీ అనే గడిలో టిక్ పెట్టాలి.

ఇందులో తప్పు దిద్దుకునే ఏర్పాటేమీ లేదు. ఎండీ5 కలిస్తే సంతోషం, కలవకపోతే మొత్తం మళ్లీ.

ఏ పనిముట్టూ లేనప్పుడు

షెల్, ప్రింట్‌ఎఫ్ ఉంటే చాలు. ప్రింట్‌ఎఫ్ బ్యాక్‌స్లాష్ తర్వాత మూడు అష్టాంశ (ఆక్టల్, 8 ఆధారపు) అంకెలిస్తే ఆ బైటును రాస్తుంది. 'సున్నా' బైటు కూడా సరిగ్గానే వెళ్తుంది. ఒక బైటుకు నాలుగు అక్షరాలు కాబట్టి పెద్ద ఫైలుకు ఇది వృథా. ఈ దారిలో పంపాల్సింది మీ ప్రోగ్రామును కాదు, దాన్ని తెచ్చిపెట్టే చిన్న ప్రోగ్రామును. స్టాటిక్‌గా లింక్ చేసిన చిన్న ఎక్స్‌మోడెమ్ స్వీకర్త 30 కిలోబైట్లుందనుకుంటే అష్టాంశంలో లక్షా ఇరవై వేల అక్షరాలు, పన్నెండు సెకన్ల లోపు పని. అది చేరితే మిగతాదంతా ఎక్స్‌మోడెమ్‌లో వస్తుంది.

పీసీలో 'ఓడీ -ఏఎన్ -వి -టీఓ1 -డబ్ల్యూ64' ఫైలును వరుసకు 64 బైట్ల చొప్పున అష్టాంశంలో ఇస్తుంది. సెడ్‌తో ప్రతి ఖాళీని బ్యాక్‌స్లాష్‌గా మార్చి, వరుసను ఒంటి కోట్ గుర్తుల మధ్య పెట్టి, ముందు ప్రింట్‌ఎఫ్, వెనుక '>> /టీఎంపీ/ఆర్‌ఎక్స్' తగిలిస్తే స్క్రిప్టు తయారు. '-వి' లేకపోతే ఒకేలా ఉన్న వరుసల బదులు ఓడీ ఒక నక్షత్రం గుర్తు వేసి ఊరుకుంటుంది, ఫైలు సర్వనాశనం. ఈ స్క్రిప్టును నేరుగా షెల్ ప్రాంప్ట్‌లోకి పోయకండి. బిజీబాక్స్ వరుస ఎడిటర్ అక్షరం అక్షరం తెర మీద గీస్తూ వెనుకబడిపోతుంది, పైగా దానికి వరుస పొడవు పరిమితి ఉంటుంది. ముందు క్యాట్‌తో ఒక ఫైలులోకి దించి, తర్వాత 'ఎస్‌హెచ్'తో నడపండి.

ఏ ప్రాసెసర్‌కు కంపైల్ చేయాలో యూనేమ్ -ఎం చెబుతుంది. మిప్స్ అయితే బైట్ల వరుస ఎటువైపో అది చెప్పకపోవచ్చు. /బిన్/బిజీబాక్స్ ఫైలులో ఆరో బైటు చూడండి, 01 అయితే లిటిల్ ఎండియన్, 02 అయితే బిగ్. బోర్డులో సీహెచ్‌మాడ్ కూడా లేదంటే బిజీబాక్స్‌ను /టీఎంపీలోకి సీపీతో కాపీ చేసి, ఆ కాపీ మీదికి మీ బైట్లను క్యాట్‌తో రాయండి. నడిచే అనుమతి అలాగే ఉంటుంది.

ఈ ఎత్తు కొత్తదేం కాదు. ఎంఎస్-డాస్ 6లోని ఇంటర్‌ఎస్‌వీఆర్ '/ఆర్‌కాపీ' ఇదే చేస్తుంది. ఏమీ లేని రెండో కంప్యూటర్‌లో మోడ్ కమాండ్‌తో పోర్టు వేగం పెట్టించి, సీటీటీవైతో కన్సోల్‌ను ఆ పోర్టుకు అప్పగింపజేసి, ఏడు వైర్ల నల్ మోడెమ్ కేబుల్ మీదుగా తనను తానే అందులోకి కాపీ చేసుకుంటుంది. ఫ్లాపీ డ్రైవు పోయిన పాత ల్యాప్‌టాప్‌లలోంచి ఫైళ్లు తీసేవాళ్లకు ఇప్పటికీ ఇది పనికొస్తుంది. మూడు వైర్ల కేబుల్‌తో మాత్రం కుదరదు.

బూట్‌లోడర్, కెర్మిట్

బోర్డు మొదలయ్యేటప్పుడు యూ-బూట్‌ను (లినక్స్‌ను లేపే బూట్‌లోడర్‌ను) ఆపగలిగితే లినక్స్ పొర గొడవే ఉండదు. లోడ్‌వై అంటే వైమోడెమ్, లోడ్‌ఎక్స్ అంటే ఎక్స్‌మోడెమ్, లోడ్‌బి అంటే కెర్మిట్. చిరునామా తర్వాత 921600 అని ఇస్తే వేగం మార్చమని అడుగుతుంది, మీరు పీసీలో మార్చి ఎంటర్ నొక్కితే ఎనిమిది రెట్ల వేగంతో వస్తుంది. ఫైల్‌సైజ్ అనే చరరాశిలో వచ్చిన సైజు ఉంటుంది. ఫ్లాష్‌లో రాయడానికి ముందు యూ-బూట్‌లోనే సీఆర్‌సీ32 తీసి పీసీ లెక్కతో పోల్చండి. ఫ్లాష్ చెరిపాక తప్పు తెలిస్తే బోర్డు మళ్లీ లేవదు.

కెర్మిట్ గురించి ఒక మాట. కొలంబియా విశ్వవిద్యాలయంలో 1981లో పుట్టింది. అప్పటి ఐబీఎం మెయిన్‌ఫ్రేములు, డెక్-20 యంత్రాలు, ఏడు బిట్ల లైన్లు, నచ్చని అక్షరాన్ని మింగేసే, మెయిన్‌ఫ్రేము ముందుండి లైన్లు చూసుకునే యంత్రాలు, వీటన్నిటి మధ్య ఫైళ్లు నడపాల్సి వచ్చింది. అందుకే అది దారిని నమ్మదు. కంట్రోల్ బైట్లను '#' గుర్తుతో, పై బిట్ ఉన్నవాటిని '&' గుర్తుతో మామూలు అక్షరాలుగా మార్చి పంపుతుంది. ఈ రోజుల్లో దాని అవసరం ఎక్కువగా కన్సోల్ సర్వర్ల దగ్గర వస్తుంది. పోర్టుకు టెల్నెట్ ద్వారా వెళ్తుంటే హెక్స్ ఎఫ్‌ఎఫ్ అనే బైటు టెల్నెట్‌కు ఆజ్ఞ, 0డి తర్వాత సున్నా చేరవచ్చు. ఎక్స్‌మోడెమ్ మొదటి ఎఫ్‌ఎఫ్ దగ్గరే తడబడుతుంది, మళ్లీ మళ్లీ అదే ముక్క పంపి విసిగి వదిలేస్తుంది. ఎప్పుడూ ఒకే ముక్క దగ్గర ఆగుతోందంటే అది శబ్దం కాదు, ఆ ముక్కలో దారికి నచ్చని బైటు ఉందని అర్థం. అలాంటి చోట కెర్మిట్ గానీ బేస్64 గానీ వాడాలి.

బోర్డు నుంచి బయటికి

ఎదురు దిశలో, ముఖ్యంగా ఫ్లాష్‌ను కాపీ తీసుకునేటప్పుడు, పీసీలో లాగ్ ఫైలు ఆన్ చేసి బోర్డులో బేస్64 /డెవ్/ఎంటీడీ0 అనడం అన్నిటికన్నా సులువు. లాగ్‌లో కమాండ్ వరుస, చివరి ప్రాంప్ట్, వరుస చివరి 0డిలు తీసేసి విప్పండి. బేస్64 లేకపోతే హెక్స్‌డంప్ -వి. ఇక్కడా ఆ '-వి'నే ప్రాణం, ఎందుకంటే ఖాళీ ఫ్లాష్ నిండా ఎఫ్‌ఎఫ్‌లే ఉంటాయి. యూ-బూట్‌లోని ఎండీ.బి కూడా పనికొస్తుంది గానీ 16 బైట్లకు 79 అక్షరాలు తీసుకుంటుంది. 8 మెగాబైట్ల ఫ్లాష్‌కు 115200 వేగంలో గంట. ఫ్లాష్‌ను రెండుసార్లు దించి పోల్చండి. ఒకే చోట తేడా వస్తే లాగ్‌లో ఆ వరుస దగ్గర కెర్నెల్ సందేశం దూరిందేమో చూడండి. అలాంటప్పుడు ఆ కొద్ది చిరునామాల్నే మళ్లీ చదివి అతికించుకోవచ్చు, గంట పని మళ్లీ చేయక్కర్లేదు.